తవ్వని బంగారమే మేలిమి

బంగారాన్ని భూమిలోంచి బయటికి తీయడమంత తెలివితక్కువ పని ఇంకొకటి లేదు! ఆవేశపడకండి. బీరువాలో ఉన్న బంగారానికి దొంగల భయం. లాకర్లో ఉన్నదానికి అద్దె. ఒంటిమీద ఉన్నదానికి చుట్టాల కళ్ళు. అదే కొండంత రాతి కింద ఉందనుకోండి, ఎవడెత్తుకుపోతాడు?

ఈ జ్ఞానం నాకు ఊరికే రాలేదు. మా ఆవిడ గాజులు అమ్మి, ఇంకా తవ్వని బంగారు గని ఒకటి ఉందన్న కంపెనీలో షేర్లు కొన్నాక వచ్చింది. "మా చెల్లి పెళ్ళినాటికి గాజులు మళ్ళీ నా చేతికి రావాలి, అంతే" అని ఆవిడ ఒకే ఒక్క షరతు పెట్టింది. "గాజులేం ఖర్మ, వడ్డాణమే వస్తుంది" అన్నాను. నా నోటికి అడ్డేముంది!

తవ్వని గనిని అంచనా వేయడం ఒక శాస్త్రం. మీలాంటి సామాన్యులకు కూడా అర్థమయ్యేలా చెబుతాను. కంపెనీవాళ్ళు కొండకి సన్నటి బోర్లు వేసి, రాతి ముక్కలు పైకి తీసి పరీక్షిస్తారు. వాటిలో బంగారం కనబడితే కింద నిల్వ ఉన్నట్టు. కనబడకపోతే? ఇంకా లోతున ఉన్నట్టు! అక్కడా లేదంటే పక్క కొండలో ఉన్నట్టు! తప్పడమనే మాటే లేని శాస్త్రం ఇంకెక్కడైనా చూశారా?

రిపోర్టులు చదవడంలో నేను ఆరితేరిపోయాను. అక్షరాల జోలికి పోను. బొమ్మలో కొండ కింద పసుపు రంగు ఎంత మేర పులిమారో, అదొక్కటే చూస్తాను. మొదటి ఏడాది అరచేయంత ఉన్న పసుపు, మరుసటేడాదికి పేజీ అంచు దాటిపోయింది. పట్టలేని సంతోషంతో ఇంకాసిని షేర్లు కొన్నాను. ఆ రంగు వేసింది జియాలజిస్టు కాదనీ, బ్రోషర్లు తయారుచేసే డిజైనరనీ తరవాత తెలిసింది. అయితేనేం? చెయ్యి తిరిగినవాడు!

ఈ విద్య ఇంట్లోవాళ్ళకి కూడా అంటుకుంది. మా అబ్బాయి లెక్కల్లో తప్పాడు. నిలదీస్తే, "పైపైన తీశారు కాబట్టి ఇన్నే వచ్చాయి నాన్నా, అసలు మార్కులు లోపలున్నాయి" అన్నాడు. వాణ్ణి కొట్టడానికి చెయ్యి రాలేదు. ఆఫీసులో నా బల్లమీద పేరుకున్న ఫైళ్ళ గురించి మా మేనేజరుతో నేనూ అదే చెప్పి చూశాను. ఆయనకి గనుల పరిజ్ఞానం లేదు, మెమో ఇచ్చాడు.

ఇంతలో మరదలి పెళ్ళి దగ్గరపడింది. షేరు ధర మాత్రం పాతాళంలో ఉంది. కంపెనీ వాటాదారుల మీటింగు పెడితే, "నేనూ వస్తాను" అని మా ఆవిడ బయల్దేరింది. ఛైర్మన్‌గారు గంటసేపు కొండని పొగిడారు. అంతా అయ్యాక మా ఆవిడ లేచి నిలబడి, "అన్నయ్యగారూ, తవ్వడం ఎప్పుడు మొదలుపెడతారు?" అంది.

ఆయన పాపం నొచ్చుకున్నాడు. "తవ్వితే ఎంత ఉందో తెలిసిపోతుంది కదమ్మా! తెలిశాక ఇంకెవరు కొంటారు?"

హాలు మొత్తమ్మీద చప్పట్లు కొట్టింది నేనొక్కణ్ణే. కొట్టాకగానీ బుర్రకెక్కలేదు, ఆయన ఇన్నాళ్ళూ తవ్వుతున్నది కొండని కాదు, మమ్మల్ని అని.

తిరుగు బస్సులో మా ఆవిడ పక్కన కూర్చున్నాను. బోసిగా ఉన్న ఆ చేతుల వంక చూడాలంటే సిగ్గేసింది. "కోపంగా ఉందా?" అని మెల్లిగా అడిగాను.

"కోపమెందుకండీ? మీలో చాలా విషయం ఉందని మా నాన్న చెప్తే నమ్మి చేసుకున్నాను" అంది కిటికీలోంచి బయటికి చూస్తూ. "ఇన్నేళ్ళూ తవ్వి చూడలేదు కాబట్టే కాపురం సాగుతోంది."