గంట మోగని పొద్దు

ఎండలు వెనకబట్టి, తెల్లవారు గాలికి కాస్త చలి అంటుకున్న రోజులవి. ఆ ఉదయం లెక్కల మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది: బడి డాబా ఎక్కాలి, వానకోయిలలు వలస బయల్దేరడం చూడాలి, దిగి క్లాసుకు పోవాలి.

వేసవంతా బడి చూరు కింద మట్టిగూళ్లలో కాపురమున్న ఆ చీలిన తోకల పిట్టలు ఇప్పుడు వీధి తీగల మీదికి చేరాయి. సందు లేకుండా కూర్చున్న వాటి బరువుకు తీగలు కిందికి సాగాయి. ఏటా ఇంతే. ఏటా సరిగ్గా అవి లేచే వేళకు బడిగంట ఠంగుమనేది. బెదిరి తలో దిక్కుకూ చెదిరిపోయేవి. అదే బడిలో ఒకటో తరగతికి చెప్పే మాస్టారి భార్య, "అన్నీ కలిసి లేస్తే ఎలా ఉంటుందో ఒక్కసారి చూడాలండీ" అనేది. చూడకుండానే ఈ వసంతంలో కన్నుమూసింది.

మాస్టారు ముందురోజే ఒక పూట సెలవు అడిగారు. "పిట్టలకు సెలవేంటి మాస్టారూ? ఇవాళ పిట్టలంటారు, రేపు చీమలంటారు" అని హెడ్మాస్టరు నవ్వేశాడు. దాంతో ఆయన గంట కొట్టే గంటన్న దగ్గరకు వెళ్లారు.

"గంటన్నా, అవి లేచేదాకా గంట ఆపు. ఎవరడిగినా నోరు విప్పకు."

"టీచరమ్మ అడిగినప్పుడల్లా కుదరదన్నాను మాస్టారూ. రేపు కొట్టమన్నా కొట్టను" అన్నాడు గంటన్న.

ఇద్దరూ ఒక సంగతి మరిచారు. ఆ బడిలో గంట ఆపేది బడివాళ్లెవరైనా పోయినప్పుడే.

ఎదురు రొట్టెల కొట్టావిడ గంట విన్నాకే రెండో వాయి పొయ్యిలో పెడుతుంది. ఎంతకీ వినపడకపోయేసరికి పిండి చేతులతోనే రోడ్డు దాటి వచ్చింది.

"గంటెందుకు ఆపావు? ఎవరు?"

గంటన్న పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు.

"మాస్టారి గురించేనా?"

అవునన్నట్టు తలూపాడు. గంట ఆపింది ఆయన గురించే మరి.

"అయ్యో, ఆవిడ వెనకాలే పోయాడా!" అంటూ ఆవిడ నోరు మూసుకుంది. మూతి నిండా పిండి.

కబురు పక్కనున్న టైలరుకు చేరింది. "నేననుకుంటూనే ఉన్నా. మొన్ననే ప్యాంటు నడుము మళ్లీ బిగించమని ఇచ్చాడు. ఇప్పుడా ప్యాంటు నేనేం చేసుకోను?" అని ఆయన కళ్లొత్తుకున్నాడు. అక్కణ్ణుంచి అది మాస్టారి వదినకు, అంటే పోయినావిడ అక్కకు చేరింది. ఆవిడ కాలికో రకం చెప్పు వేసుకుని పరుగెత్తుకొచ్చింది.

"మరిదిగారూ! రాత్రి కూర పంపితే గిన్నె కడిగి మరీ పంపారే! పోయేవాళ్లు గిన్నెలు కడుగుతారా!"

ఇంతలో హెడ్మాస్టరు బస్సు దిగాడు. సంగతి విని మెట్ల మీద కూలబడ్డాడు. "నిన్ననే సెలవు అడిగాడమ్మా. చీమలన్నాను. నేనూ ఒక మనిషినేనా?"

డాబా మీద మాస్టారికి ఇదంతా వినపడుతూనే ఉంది. బతికే ఉన్నానని ఒక్క కేక వేస్తే చాలు; పిట్టలు చెదిరిపోతాయి. ఊరుకుంటే వదిన గుండె ఆగేలా ఉంది. తీగల వైపు చూశారు. వదిన వైపు చూశారు. భార్యే ఉంటే ముందు అక్కనే చూసుకునేది. పిట్టగోడ దగ్గరకు నడిచి, కేక వేయడానికి నోరు తెరిచారు.

"అందరం కాసేపు మౌనం పాటిద్దాం" అన్నాడు కింద హెడ్మాస్టరు.

బడి ముందు వరసల్లో నిలబడ్డ పిల్లలతో సహా వీధి వీధంతా తల దించుకుంది. వదిన వెక్కిళ్లు సైతం ఆగాయి. మాస్టారు తెరిచిన నోరు తెరిచినట్టే నిలబడిపోయారు. ఆ బడి పుట్టాక అక్కడ అంత నిశ్శబ్దం ఎప్పుడూ లేదు.

ముందు ఒక తీగ వణికింది. తర్వాత దాని పక్కది. అంతలో తీగలన్నీ బరువు దిగి ఒక్కసారిగా పైకి ఊగాయి. వాన లేకుండానే వాన చప్పుడు మొదలైంది. నీడ ఒకటి పిల్లల వరసల మీదుగా, టైలరు మెడలోని టేపు మీదుగా, హెడ్మాస్టరు బట్టతల మీదుగా పాకింది. బెదురు లేదు, తొందర లేదు. వేల రెక్కలు ఒకే మనసుతో బడి చుట్టూ ఒక్క చుట్టు తిరిగాయి. గూళ్లున్న చూరును తాకేంత కిందికి వంగి, మళ్లీ లేచి, దక్షిణానికి తిరిగాయి. ఒక్కటీ విడిపోలేదు.

"అదిగో!" అన్నారు మాస్టారు, తనకు తెలియకుండానే.

తలలన్నీ లేచాయి. పోయిన మనిషి పిట్టగోడ పట్టుకుని నిలబడి ఉన్నాడు. అయినా ఎవరూ ఆయన్ని చూడలేదు. మబ్బులాంటి ఆ గుంపు చుక్కలై, చుక్కలు చూపుకు అందకుండా పోయేదాకా అందరూ ఆకాశాన్నే చూస్తూ ఉండిపోయారు.

ముందుగా వదిన గొంతు వినిపించింది. "మరిదిగారూ, మా చెల్లి చూడాలనేది ఇదేనా?"

"ఇదే వదినా."

ఆవిడ కళ్లు తుడుచుకుంది. "సరే. ఇప్పుడు కిందికి దిగండి, మీ పని చెప్తాను."

హెడ్మాస్టరు లేచి చొక్కా సర్దుకుని, ఎవరి వంకా చూడకుండా గంటన్నకు సైగ చేశాడు. గంట మోగింది. మాస్టారు బతికే ఉన్నట్టు రూఢి అయింది కనుక, ఆ రోజు రాని సైన్సు టీచరు క్లాసు కూడా ఆయనకే వేశారు.