మడుగు కాపలాదారు మనసులో ఏముంది?

పెద్ద అడవే గానీ, ఆ ఎండాకాలం దానికి మిగిలింది ఒక్క మడుగే. కాపలా ఎలుగుబంటి భల్లయ్యది. ముందు పిల్లలకు, తర్వాత పెద్దలకు, చివర తనకు. అలా ఉండేది ఆయన లెక్క.

ఆ పదవి మీద నక్క చతురప్ప కన్ను పడింది. మనసులకు వైద్యం చేసే కొంగ ధవళాచారి దగ్గరికి వెళ్లి, "కాపలా నాకొస్తే చేపలన్నీ మీవే డాక్టరుగారూ" అన్నాడు.

కాపలాదారును ఎన్నుకునే సభలో భల్లయ్య మాట్లాడటానికి లేచాడు. సభలంటే ఆయనకు వణుకు. 'మీ నీళ్లు కాపాడతాను' అనబోయి 'కాజేస్తాను' అనేశాడు.

సభ గొల్లుమంది.

"నోరు తిరగలేదయ్యా! పొద్దున తేనెటీగ కుట్టింది" అంటూ వాచిన పెదవి చూపించాడు.

ధవళాచారి ఒంటికాలి మీద నిలబడి కళ్లు మూసుకున్నాడు. "మనసులో ఏదీ ఊరికే జరగదు. ప్రతి తడబాటుకూ లోపలెక్కడో ఒక కారణం ఉంటుంది. దాచుకున్న కోరికే ఇప్పుడు నోట్లోంచి బయటపడింది."

"మరి తేనెటీగ?"

"నిన్ను దాని దగ్గరికి తీసుకెళ్లిందెవరు? ఆ కోరికే."

"నేనలాంటివాణ్ణి కాదండీ!"

"చూశారా, ఎంత గట్టిగా కాదంటున్నాడో! బాగా లోతుకు పాతుకుపోయింది."

భల్లయ్య ఇంక నోరు విప్పలేదు. అది ఒప్పుకోవడమే అన్నారు. చతురప్ప ఒక్క అక్షరం తడబడకుండా ప్రమాణం చేసి మడుగు ఒడ్డున కూర్చున్నాడు.

పక్క అడవి తోడేళ్లు మాంసం పంపాయి. చతురప్ప మడుగు నుంచి వాటి అడవికి కాలువ తవ్వించాడు. మడుగు అడుగంటింది.

జింక చుక్కమ్మ, నాలుక పిడచకట్టిన పిల్లను తెచ్చి సభ మధ్యలో పడుకోబెట్టింది. "దీనికి ఎవరు జవాబు చెబుతారు?"

"చతురప్పను తప్పుపట్టకండి" అన్నాడు ధవళాచారి. "పసితనంలో తల్లిపాలు చాలక అల్లాడిపోయాడు. ఆనాటి దాహమే ఇదంతా చేయించింది. ఆయన చేతిలో ఏముంది?"

సభ కళ్లు తుడుచుకుంది. చతురప్పకు విశ్రాంతి కావాలని తీర్మానించింది.

జనం కదిలాక ధవళాచారి మెల్లగా, "నా చేపలు?" అన్నాడు.

"అవీ నీళ్లతోపాటే పోయాయండీ. ఏం చేయను, నా చేతిలో ఏముంది?"

ఈలోగా భల్లయ్య ఎండిన వాగులో మోచేతులు కొట్టుకుపోయేదాకా ఇసుక తోడాడు. చెలమలో నీళ్లు ఊరాయి. దోసిలి పట్టి జింకపిల్ల నోట్లో పోశాడు. అది కళ్లు తెరిచింది.

అందరూ కడుపునిండా తాగారు. మూతి తుడుచుకుంటూ ఎవరో అడిగారు, "డాక్టరుగారూ, ఈయన ఇదంతా ఎందుకు చేసినట్టు?"

"తప్పు చేశానన్న బాధ" అన్నాడు ధవళాచారి, తానూ ముక్కు ముంచుతూ. "కాజేద్దామనుకున్నాడు కదా!"

అందరూ అవునవునన్నారు.

నీతి: మాట జారినవాడిది నేరం, మడుగు మింగినవాడిది బాల్యం.