పదిహేను రోజుల్లో పసి మనసులు

వరదకు బెదిరిపోయిన పిల్లల మనసులను పదిహేను రోజుల్లో పూర్తిగా బాగుచేస్తామని మంత్రిగారు ప్రకటించారు. రోడ్లకు ఆరు నెలల గడువు అడిగిన మనిషి మనసులకు పదిహేను రోజులే అడిగారంటే ఆయన సమర్థత ఏపాటిదో పాఠకులే ఊహించుకోవచ్చు.

నేను డ్రాయింగ్ మాస్టర్ని. మా బడినే వరద శిబిరం చేశారు కాబట్టి ఈ మహత్కార్యాన్ని దగ్గరుండి చూసే భాగ్యం కలిగింది.

శిబిరంలో ఏడేళ్ల పాప ఒకతె ఉండేది. తల్లి నీళ్లలో కొట్టుకుపోయింది. ఆ రోజు నుంచి పాప నోరు విప్పలేదు. రోజూ వెళ్లి వంటావిడ పక్కన కూర్చునేది. ఆవిడ ఏమీ అడిగేది కాదు. ఉల్లిపాయలు తరుగుతూ తన చిన్నప్పటి కబుర్లేవో చెప్పుకుపోయేది. వారం తిరిగేసరికి పాప నాలుగు ముద్దలు తింటోంది. ఆవిడ చెవిలో మాత్రం "పిన్నీ" అంటోంది.

అప్పుడు ఈ మనసుల పని చూసే ప్రత్యేకాధికారి, పథకం బ్యానరుతో సహా దిగారు.

"ఈవిడకి కౌన్సెలింగ్‌లో ట్రైనింగ్ ఉందా?"

"లేదండీ. వంట చేస్తుంది," అన్నాను.

"మరి పిల్లతో ఏం మాట్లాడుతోంది?"

"కబుర్లండీ."

"కబుర్లు గైడ్‌లైన్స్‌లో లేవు మాస్టారూ. పిల్లల దగ్గరికి రానివ్వకండి."

"పోనీ, ట్రైనింగ్ ఉన్నవాళ్లు ఎప్పుడొస్తారండీ?"

"ఆ పోస్టు ఖాళీ. బ్యానర్ వచ్చిందిగా."

తల ఊపాను. ఆ పని నాకు బాగా వచ్చు.

వంటావిడను పెరటి షెడ్డుకు పంపేశారు. పాప కంచం ముట్టడం మానేసింది. మిగతా పిల్లలకు రోజూ రెండు గంటలు నవ్వడం నేర్పారు. వాళ్లు వేసిన బొమ్మల్లో నీళ్లు ఎక్కువయ్యాయని అధికారిగారు నొచ్చుకుంటే, కాగితాలు తలకిందులు చేసి, ఆ నీళ్లన్నీ ఆకాశమేనని చెప్పాను. ఆయన సంతోషించారు.

పదిహేనో రోజు మంత్రిగారు వచ్చారు. పిల్లలు నేర్చుకున్నట్టే నవ్వారు. కెమెరాల ముందు ఆయన ఆ పాపను ఎత్తుకున్నారు.

"నీకేం కావాలమ్మా?"

పాప పెదవులు కదిలాయి.

"వంట పిన్ని కావాలి."

షెడ్డు గుమ్మంలో వంటావిడ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఆకలేస్తోందట," అన్నారు మంత్రిగారు, జనం వైపు తిరిగి. "ఆకలి వేసిందంటే పిల్ల కోలుకున్నట్టే."

చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను.

మర్నాడు ఉత్తర్వు వచ్చింది. పిల్లలందరూ కోలుకున్నారు, భోజనం ఇకపై ప్యాకెట్లలో వస్తుంది, వంటావిడను పంపించేయాలి. పిల్లలకు చదివి వినిపించమంటే వినిపించాను. పాప కిమ్మనలేదు. ఆ రోజూ అనలేదు, ఆ తర్వాతా అనలేదు.

"క్రమశిక్షణ కూడా అలవడింది," అని అధికారిగారు నివేదికలో చేర్చారు.