ఎక్స్‌ని ఏడిపించిందెవరు?

"బావా, నాలాంటి బుర్ర దేవుడు ఒక్కటే చేశాడు. తర్వాత అచ్చు పారేశాడు!" అని ప్రకటించి మా బావమరిది భూతద్దం తీశాడు.

నడిపేది జిరాక్స్ షాపు. 'డేగకన్ను' అన్న బిరుదు తనకు తానే ఇచ్చుకున్నాడు. మా ఆవిడ తమ్ముడు కాబట్టి భరిస్తున్నాను.

నేను లెక్కల మాస్టర్ని. మా బడిలో పిల్లల్ని నలుగురేసి కూర్చోబెట్టి లెక్కలు నేర్పే సాఫ్ట్‌వేర్ ఒకటి పెట్టారు. అది వాళ్ల మాటలన్నీ విని రాసిపెడుతుంది, జట్టుకి ఎవరు సాయపడ్డారో చూసి మార్కులేస్తుంది. ఒక జట్టులో నాలుగో అమ్మాయికి మూడు వారాలుగా సున్నాలే. ఈ సాయంత్రం నాలుగింటికి ఆమెని జట్టులోంచి తీసేస్తామని హెడ్మాస్టరుగారు తేల్చేశారు. ఆ పిల్ల పొద్దుటి నుంచీ ఏడుస్తూనే ఉంది. ఆమె మొద్దు కాదని నాకు తెలుసు, కానీ రుజువేదీ? అది నేను పడతానంటూ వీడు మా బడి కంప్యూటర్ గదిలో దిగాడు.

డేగకన్ను తెర మీద ఆ జట్టు పాత మాటలు చదివి అదిరిపడ్డాడు.

"ముందు వైని లేపేద్దాం." "లేపేశాం." "మరి ఎక్స్?" "ఏడు."

"హత్య, బావా! వైని లేపేశారు, ఎక్స్‌ని ఏడవమంటున్నారు. ఇక్కడ ఏడుస్తున్నదెవరు? ఈ అమ్మాయే! అంటే ఎక్స్ ఈమే!"

"ఒరేయ్, అది లెక్కరా..."

"అవును, లెక్క తేలుస్తా!"

జట్టులో మిగిలిన ముగ్గురినీ వరండాలోకి గెంటి, తలుపు గడియ పెట్టాడు. దర్జాగా కంప్యూటర్ ముందు కూలబడి ఏదో మీట నొక్కాడు. "కొత్త విద్యార్థికి స్వాగతం," అని ఆ జట్టు చేసిన లెక్కే ఇచ్చింది సాఫ్ట్‌వేర్. ఎక్స్, వై కలిపితే పది. ఎక్స్‌లోంచి వై తీసేస్తే నాలుగు.

"చెప్పమ్మా, వైని ఎలా లేపేశారు?"

అమ్మాయి కళ్లు తుడుచుకుంది. "ఈ రెండు వరసలూ కలిపితే ఎవరు మాయమవుతారు సార్?"

"వై!"

"మిగిలిందెవరు?"

"ఇద్దరు ఎక్స్‌లు! కవలలా?"

"ఇద్దరికీ కలిపి పద్నాలుగైతే, ఒక్కొక్కరికి?"

వాడు వేళ్లు మడిచాడు. "ఏడు!" అని అరిచి, అదే టైపు చేశాడు. "ఏడు! ఏడు!"

గడియ తీసేసరికి ఎదురుగా హెడ్మాస్టరుగారు. "పసిపిల్లని పట్టుకుని ఏడు, ఏడు అంటావేమిటయ్యా?"

అప్పుడే సాఫ్ట్‌వేర్ పలికింది. "జవాబు సరైనది. నేర్పినవారు: నాలుగో సభ్యురాలు. పది మార్కులు."

నాకు అప్పుడు వెలిగింది. ఈ పిల్ల జవాబు చెప్పదు, ప్రశ్న అడుగుతుంది. అడగగానే మిగతా ముగ్గురూ జవాబు అరిచేస్తారు, మార్కులు వాళ్లకి పోతాయి. ఇవాళ వాళ్లు బయట ఉన్నారు. జవాబు చెప్పడానికి లోపలున్నది మా వాడొక్కడే, వీడికి నేర్పడమంటే మాటలా!

హెడ్మాస్టరుగారు చేతిలోని తొలగింపు కాగితం చింపేశారు.

"అంతా సరే, వై ఏమైనట్టు?" అన్నాడు డేగకన్ను.

అమ్మాయి నవ్వింది. "పదిలోంచి ఏడు పోతే ఎంత సార్?"

వాడు మళ్లీ వేళ్లు మడిచి, వరండాలో నిలబడ్డ పిల్లల్ని చూసి గుండెలు విరుచుకున్నాడు.

"మూడు! నేను బయట పెట్టింది ముగ్గురినే కదా! చూశావా బావా, నాకు ముందే తెలుసు."