ఘాటు రాని దిష్టి

ఆ ఉదయం లక్ష్మీదుర్గ వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటల నుంచి పన్నెండింటి దాకా నిద్రపోవాలి. అంతకు మించి ఈ జన్మకు ఆమెకు కోరికలేవీ మిగల్లేదు.

బిడ్డ పుట్టి పదిహేడు రోజులైంది. ఈ పదిహేడు రోజుల్లో ఆమె ఏకబిగిన నిద్రపోయింది మహా అయితే నలభై నిమిషాలు. అదీ తలంటు పోయించుకుంటూ, పీట మీద కూర్చుని. పెళ్ళికి ముందూ తర్వాతా ఒంగోలు కాలేజీలో లెక్కలు చెబుతున్న మనిషి కనుక టైమ్‌టేబుల్ వేయడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. ఎనిమిదికి బిడ్డకు నీళ్ళు పోయడం, ఎనిమిదిన్నరకు సాంబ్రాణి, తొమ్మిదికి దిష్టి, తొమ్మిదింబావుకు పాలు, పదికి తల్లీబిడ్డల నిద్ర. కాగితం మీద ఇది దివ్యంగా ఉంది. చిక్కల్లా తొమ్మిది గంటల అంశంతోనే వచ్చింది.

పురిటికి వచ్చిన పుట్టిల్లు పర్చూరు పక్కన పల్లెలో ఉంది. మిరపకోతల కాలం. తండ్రి వెంకయ్య పొద్దస్తమానం కల్లంలో ఉంటాడు, తల్లి జయకుమారి వంటింట్లో ఉంటుంది. మిగతా ఇల్లంతా, బాలింతతో సహా, నాయనమ్మ సుబ్బరావమ్మ పరిపాలనలో ఉంది. చెవుల్లో దూది, తలకు గుడ్డ, కంచంలో వెల్లుల్లి కారం, నెత్తిన తిరగని ఫ్యాను, ఇవన్నీ ఆవిడ శాసనాలే. వాటిని దుర్గ ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది దిష్టి.

రోజూ బిడ్డకు సాంబ్రాణి పట్టగానే నాయనమ్మ గుప్పెట్లో ఎండుమిరపకాయలూ రాళ్ళుప్పూ పట్టుకుని మూడుసార్లు తిప్పి, పెరట్లో నీళ్ళు కాచే పొయ్యిలో పడేసేది. ఆ పొయ్యికి బాలింత గది కిటికీ మూడడుగుల దూరం. వెంకయ్య పండించిన కాయ నిప్పులో పడిందంటే వీధి చివర కుక్క కూడా తుమ్ముతుంది. బిడ్డ తుమ్మేది, తుమ్మి లేచేది, లేచి మధ్యాహ్నం దాకా ఏడ్చేది.

"నాయనమ్మా, పొగ పెట్టొద్దని డాక్టరమ్మ చెప్పిందే," అని దుర్గ ఒకసారి అడిగి చూసింది.

"ఆ డాక్టరమ్మకి పిల్లలెందరు?"

"ఒక్కడంట."

"నాకు ఆరుగురు. ఇంకేం చెప్తావో చెప్పు."

లెక్కల లెక్చరరు ఆ లెక్కలో ఓడిపోయింది. అందుకని పదిహేడో రోజు తెల్లవారుజామున ఆమె ఒక పని చేసింది. అద్దంకి నుంచి అత్తగారు బిడ్డను చూడటానికి వచ్చినప్పుడు పచ్చళ్ళలోకని రంగు మిరపకాయలు తెచ్చింది. ముడతలు పడి, ఎర్రగా నిగనిగలాడే కాయలు. రంగులో రాజా, కారంలో పేద. దుర్గ వాటి గింజలు కూడా దులిపేసి, నాయనమ్మ దిష్టి డబ్బాలో నింపి, అందులో ఉన్న తండ్రి కాయల్ని వంటింట్లో పోసి వచ్చింది. నాయనమ్మ కళ్ళజోడు పెట్టుకునేది సాయంత్రం సీరియల్‌కే గనుక భయం లేదు.

తొమ్మిదయింది. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, చూసినోళ్ళ దిష్టి, చూడనోళ్ళ దిష్టి..." అంటూ సుబ్బరావమ్మ కాయలు తిప్పి పొయ్యిలో వేసింది. చుట్టూ గాలి పూజగదిలో గాలంత ప్రశాంతంగా ఉంది. గదిలో బిడ్డ కళ్ళు మూసుకుంది. దుర్గ కాళ్ళు చాపుకుని, తన తెలివికి తానే మురిసిపోయింది.

పెరట్లో నాయనమ్మ మాత్రం పొయ్యి ముందు బిగుసుకుపోయి నిలబడింది. నిప్పులో వేసిన కాయలు ఘాటెక్కితే దిష్టి లేనట్టు. ఘాటు రాలేదంటే ఆ ఘాటును దిష్టి మింగేసినట్టు. ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలిసిన ఈ సూత్రాన్ని, ఒంగోల్లో మూడు సెక్షన్లకు సూత్రాలు బట్టీ పట్టించే దుర్గ మర్చిపోయింది.

సుబ్బరావమ్మ మళ్ళీ ఏడు కాయలు వేసింది. ముక్కు పొయ్యిలో పెట్టినంత పని చేసి పీల్చింది. మళ్ళీ తొమ్మిది వేసింది. తుమ్ము లేదు, దగ్గు లేదు.

"ఓ జయకుమారీ! కొంప మునిగిందే! బిడ్డకి కొండంత దిష్టి తగిలిందే!"

ఆ కేక గోడ దాటి ప్రేమమ్మకు వినపడింది. అంగన్‌వాడీలో ఆయాగా చేసి దిగిపోయిన ఈ ప్రేమమ్మ ఊళ్ళో సగం మందిని ఎత్తుకుని మోసింది. ఉప్పు పొట్లంతో వచ్చింది. ఎదురింటి కరీమున్ నిమ్మకాయలతో వచ్చింది. వాళ్ళు వెళ్ళడం చూసి ఇంకొందరు ఉత్త చేతులతో వచ్చారు. పది గంటలకు, అంటే సరిగ్గా టైమ్‌టేబుల్ ప్రకారం నిద్ర మొదలవ్వాల్సిన వేళకు, దుర్గ మంచం చుట్టూ పదకొండు మంది ఆడవాళ్ళున్నారు. ప్రతి ఒక్కరూ బిడ్డ బుగ్గ పట్టుకుని, "అయ్యో, నిద్రపోతోందే!" అని లేపి చూశారు.

నేరం రుజువైంది కనుక నేరస్థుల్ని పట్టుకోవడం మిగిలింది. నాయనమ్మ జయకుమారి ఫోను తీసుకుని అద్దంకికి కలిపించి, అందరికీ వినపడేలా స్పీకరు పెట్టించింది.

"ఏమ్మా, మొన్న బిడ్డని చూసి ఏవన్నావు నువ్వు?"

"బొద్దుగా ఉంది, అచ్చం నా పోలికేనన్నాను పెద్దమ్మగారూ," అంది దుర్గ అత్తగారు.

"అన్నాక తూ తూ అని నేల మీద ఉమ్మావా?"

"ఎక్కడ ఉమ్మనండీ? మీ ఇంట్లో కొత్త టైల్సు వేశారు కదా."

"అదీ సంగతి!" అంది నాయనమ్మ పదకొండు మంది వైపు తిరిగి.

"ఏంటండీ సంగతి? నా మనవరాలికి నేను దిష్టి పెట్టానంటారా? ఉండండి, వస్తున్నా!" ఫోను ఠక్కున ఆగిపోయింది. అద్దంకిలో కారు బయల్దేరింది.

దుర్గ బిడ్డను ఒళ్ళోకి లాక్కుంది. ఇంత రభసలో అసలు సంగతి చెబితే నాయనమ్మ నిజం కాయలు తెచ్చి మళ్ళీ మొదలుపెడుతుంది. కాసేపటికి వీళ్ళే విసిగి పోతారు, కనీసం పదకొండు నుంచి ఒంటిగంట దాకా అయినా కునుకు తీయొచ్చని ఆశపడింది. ఆశ బాలింతల్ని కూడా వదలదు.

ఈలోగా ఆటో వీరబాబు ఈ కబురును కల్లం మీదుగా మోసుకుపోయాడు. కల్లంలో ఆ వేళ వెంకయ్య ఊపిరి బిగబట్టుకుని నిలబడి ఉన్నాడు. గుంటూరు నుంచి కోటేష్ అనే వ్యాపారి సరుకు చూడటానికి వచ్చాడు. ఒక కాయను చెవి దగ్గర ఆడించి గింజ మోగడం విన్నాడు, తొడిమ విరిచాడు, రంగు చూసి తలూపాడు. నల్ల తామర పురుగు చుట్టుపక్కల చేలన్నీ ఊడ్చేసిన ఏడాది అది. మందు డబ్బా వీపున కట్టుకుని, రాత్రీ పగలూ కాపు కాసి వెంకయ్య నిలబెట్టుకున్న పంట. అంతా నచ్చిందన్నట్టు కోటేష్ నోరు తెరవబోతుండగా వీరబాబు ఆటో ఆపాడు.

"ఏంటి బాబాయ్, ఇంత జరిగితే నువ్విక్కడున్నావా? మీ మిరపకాయలు ఇరవై దాకా నిప్పుల్లో పోసినా ఒక్కళ్ళకి తుమ్ము రాలేదంటగా!"

వీరబాబు పరామర్శించాడు. కోటేష్ చేతిలో కాయ మాత్రం కింద పడింది.

"రంగు బానే ఉందండీ. కానీ ఘాటు లేదని మీ ఇంట్లోవాళ్ళే అంటన్నారంటే..." అంటూ బండి తాళం తీశాడు.

"అదంతా ఉత్తదే కోటేష్‌గారూ! ఇంటికి రండి, మా అమ్మనే అడుగుదురుగాని!" అన్నాడు వెంకయ్య. ఒక చిన్న సంచి నిండా కాయలు పోసుకుని, వ్యాపారి బండి ఎక్కి కూర్చున్నాడు. తల్లిని సాక్షిగా పిలవడం ఎంత పొరపాటో పాపం ఆయనకు ఇంటికి వచ్చాక గానీ తెలియలేదు.

"మూడుసార్లు వేశానయ్యా!" అని సుబ్బరావమ్మ వసారాలో కోటేష్ ముందు చేతిలో చెయ్యేసి మరీ చెప్పింది. "మా చేలో కాయలే! ముక్కు పెట్టి పీల్చాను! ఒక్క తుమ్ము వచ్చుంటే నా మీద ఒట్టు!"

"అమ్మా, నువ్వు ఊరుకో!" అన్నాడు వెంకయ్య.

"నేనెందుకు ఊరుకోవాలిరా? అబద్ధం ఆడుతున్నానా?"

కోటేష్ మర్యాదస్థుడు. ఒక నమస్కారం పెట్టి చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు. గుమ్మంలో నిలబడి చూస్తున్న దుర్గకు తండ్రి ముఖం కనపడింది. ఎండలో నల్లబడిన ఆ ముఖం, వాన పడ్డ కల్లంలా అయిపోయింది. తన రెండు గంటల నిద్ర కోసం నాన్న ఏడాది కష్టం గుమ్మం దాటి పోతోంది. నిద్ర మాట దేవుడెరుగు అనుకుంది.

"నాన్నా, తప్పు నాదే! డబ్బాలో మన కాయలు తీసేసి, అత్తయ్యగారు తెచ్చిన కాయలు నేనే పోశాను. వాటికి ఘాటు లేదు!"

సరిగ్గా అప్పుడే గేటు దగ్గర కారు దిగిన అత్తగారి చెవిన పడిన మొదటి మాటలు అవే.

"ఏవన్నావు దుర్గా? నేను తెచ్చిన కాయలకి ఘాటు లేదా? మొదట నా కంట్లో దిష్టి ఉందన్నారు, ఇప్పుడు నా కాయలకి ఘాటు లేదంటున్నారా?"

"దాని మాటలు పట్టించుకోకమ్మా," అంది నాయనమ్మ, శత్రువును సముదాయిస్తూ. "పచ్చి బాలింత. పదిహేడు రోజుల్నించీ దానికి కంటి మీద కునుకు లేదు. ఏదో పలవరిస్తోంది."

ఆడవాళ్ళంతా జాలిగా తలలూపారు. "పిచ్చితల్లి, నాన్న పరువు కాపాడాలని నింద మీదేసుకుంటోంది," అని ప్రేమమ్మ కళ్ళొత్తుకుంది. దుర్గకు నిద్ర లేదన్న సంగతి ఆ ఇంట్లో ఒకరు గుర్తించడం ఇదే మొదలు. ఆ గుర్తింపు కూడా ఆమె మాట ఎవరూ నమ్మకుండా ఉండటానికే పనికొచ్చింది. కోటేష్ బండి దగ్గరకు నడిచాడు.

దుర్గ ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. అలాగే నిలబడి నిద్రపోయేదేమో గానీ, వీపుకు గాలి తగిలింది. కళ్ళు తెరిచి చూస్తే దండెం మీద బిడ్డ పొత్తిగుడ్డలన్నీ రోడ్డు వైపు ఎగురుతున్నాయి. ఇంటి వెనక నుంచి వీధి వైపు మంచి గాలి. బిడ్డ పడుకున్న గది ఇంటి వెనకవైపు. లెక్చరరు మెదడు పదిహేడు రోజుల తర్వాత మొదటిసారి పనిచేసింది.

"కోటేష్‌గారూ, ఒక్క అయిదు నిమిషాలు ఉండండి," అంది గట్టిగా. "నాయనమ్మా, నువ్వన్నదే నిజం. దిష్టి మామూలుది కాదు. మళ్ళీ తీద్దాం. పెరట్లో వద్దు, ఇక్కడ వాకిట్లో, అందరి ముందూ తియ్యి. బిడ్డని బయటికి తేవద్దు. దాని చొక్కా తెస్తాను, చొక్కాకి తియ్యి."

మనవరాలికి బుద్ధి వచ్చిందని నాయనమ్మ పొంగిపోయింది. "అట్టాగే తల్లీ! డబ్బా తే."

"డబ్బా వద్దు. నాన్న సంచిలోవి తియ్యి."

"ఎన్ని?"

"చేటెడు."

"చేటెడా!"

"కొండంత దిష్టన్నావు కదే!"

ప్రేమమ్మ పొయ్యిలో నిప్పులు పాత బొచ్చెలో ఎత్తుకొచ్చింది. మధ్యలో నాయనమ్మ, ఎదురుగా కోటేష్, పక్కన అత్తగారు, చుట్టూ ఆడవాళ్ళు గుమిగూడారు. దుర్గ చొక్కా అందించి, తల్లి చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. గది తలుపు గడియ వేసి, కిటికీ మూసి, తువ్వాలు తడిపి తలుపు కింద సందులో కూరింది.

"ఏంటే ఇది?" అంది జయకుమారి.

"నిద్ర అమ్మా," అంది దుర్గ.

బయట "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి" అన్న మాటలు వినిపించాయి. తర్వాత కోటేష్ తుమ్మాడు. ఆ తుమ్ము పూర్తి కాకముందే పదమూడు గొంతులు ఒక్కసారి దగ్గాయి. చేట కింద పడింది. గేటు విరిగినంత చప్పుడైంది. "నీళ్ళు! కరీమున్, మీ బోరు వెయ్యవే!" అని ప్రేమమ్మ కేక రోడ్డు అవతల నుంచి వచ్చింది. "పెద్దమ్మగారూ, నా చెయ్యి వదలొద్దు, నాకు కళ్ళు కనపడట్లేదు!" అని అత్తగారు, "నేనే నిన్ను పట్టుకున్నానమ్మా!" అని నాయనమ్మ, ఒకరి భుజం మీద ఒకరు ఏడుస్తూ వీధిలోకి పోయారు.

"వెంకయ్యగారూ! మొత్తం కల్లం నాదేనండీ!" కోటేష్ గొంతు దగ్గుల మధ్య నుంచి తెగి తెగి వినిపించింది. "ఒక్క బస్తా కూడా ఎవరికీ ఇవ్వొద్దు! ముందా నిప్పు ఆర్పించండి బాబోయ్!"

అన్నిటికంటే దూరం నుంచి, అన్నిటికంటే ఆనందంగా, నాయనమ్మ అరుపు వచ్చింది. "పోయింది! దిష్టి పోయిందే!"

దుర్గ నవ్వుకుంది. నాన్న పంట దక్కింది. ఆ సంతోషంతో కళ్ళలో తిరిగిన నీళ్ళు తుడుచుకునే ఓపిక కూడా లేక, బిడ్డ పక్కన ఒరిగింది. అరమైలు మేర మనిషి అలికిడి లేదు. ఘాటుకు భయపడి ఆ పూట ఇంటి గడప తొక్కేవాళ్ళూ లేరు. తల్లీబిడ్డలు పన్నెండు గంటలకు పడుకుని, మూడున్నర దాకా కదల్లేదు. బిడ్డ పుట్టాక అంతసేపు నిద్రపోవడం ఇద్దరికీ అదే మొదలు.

మూడున్నరకు నాయనమ్మ, ఎర్రబడిన కళ్ళతో అత్తగారు, ప్రాణస్నేహితుల్లా భుజాలు రాసుకుంటూ పెరటి కిటికీ రెక్క మెల్లగా తీసి తొంగిచూశారు.

"పొద్దు వాలి ఎండ ఇక్కడికొచ్చినా బిడ్డ కదల్లేదే!" అంది నాయనమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుని. "పసిబిడ్డ ఇంతసేపు నిద్రపోవడమేంటమ్మా?"

"ఎవరి కన్నో పడినట్టే ఉంది పెద్దమ్మగారూ," అంది అత్తగారు, ఈసారి జాగ్రత్తగా నేల మీద ఉమ్మి.

సుబ్బరావమ్మ చేట కోసం వెళ్ళింది.