సంతోషానికి ముందస్తు అనుమతి

మా ఊళ్లో తాగుడు మానినవాళ్ల సంఘం దివ్యంగా నడుస్తోందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. సంతోషించడానికి పెద్దాయన అనుమతి ఇంకా రాలేదు. వచ్చినట్టే భావించి ముందుకు పోదాం.

పెద్దాయన అంటే సంఘం మార్గదర్శి. ఒకప్పుడు తాగి, మానేసి, ఆ ఖాళీని ఇతరుల జీవితాలతో నింపుకున్న త్యాగమూర్తి. టైర్ల కొట్టు పైగదిలో కొలువు. అక్కడ చేరినవాళ్లకు మద్యం పోయి, మధ్యలో ఈయన వస్తారు. ఇక ఏం చెయ్యాలన్నా ఆయనకు ముందుగా ఫోన్ చెయ్యాలి. జుట్టు కత్తిరించుకోవచ్చా, బావమరిదితో మాట్లాడవచ్చా, చలేస్తోంది, దుప్పటి కప్పుకోవచ్చా? సంఘంలోని బస్సు డ్రైవరైతే మలుపు దగ్గర బండి ఆపి, కుడికి తిప్పమంటారా అని ఫోన్ చేశాడు. ప్రయాణికులు అతని క్రమశిక్షణకు ముచ్చటపడి, దిగి నడిచిపోయారు.

దర్జీ కూడా ఇక్కడే మానాడు. నిజంగానే మానాడు, ఆ పుణ్యం కాదనలేం. చేతుల వణుకు తగ్గి, బడి నాటకంలో చిలుక వేషం వేస్తున్న కూతురికి రెక్కలు కుట్టాడు.

"నాన్నా, ముందు వరసలో కూర్చో. నువ్వు కనబడకపోతే మాటలు మర్చిపోతా," అంది కూతురు. కిందటేడు ఆ కుర్చీ ఖాళీగా ఉంది. ఎందుకో మీకు తెలుసు.

దర్జీ ఫోన్ చేశాడు.

"కుదరదు," అన్నారు పెద్దాయన. "సంతోషం ప్రమాదం. జనం తాగేది సంతోషంలోనే."

"వెళ్లకపోతే బాధపడతానండీ."

"బాధ ఇంకా ప్రమాదం. మధ్యస్థంగా ఉండు. సాయంత్రం మీటింగుకి రా. స్వతంత్ర జీవనం మీద మాట్లాడతాను."

దర్జీ భార్య ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టింది. "తాగే రోజుల్లో సీసా ఎక్కడ దాచాలో నీ బుర్రే చెప్పేది కదయ్యా. పిల్లని చూడ్డానికి ఆయన బుర్ర కావాల్సొచ్చిందా? తాగుడు మానమన్నాను గానీ ఆలోచించడం మానమన్నానా?"

దర్జీ ఆలోచించాడు. అలవాటు తప్పిన పని కావడంతో చెమటలు పట్టాయి. మళ్లీ ఫోన్ తీశాడు.

"వెళ్తున్నానండీ. అడగడం లేదు, చెబుతున్నా. తాగాలనిపిస్తే మాత్రం ఫోన్ చేస్తాను. అందుకే కదా మీరున్నది."

పెద్దాయన గుండె చెరువైంది. "జారిపోయాడు," అని ప్రకటించి, పడేటప్పుడు పట్టుకోవడానికి సంఘాన్నంతా వెంటేసుకుని బడికి బయల్దేరారు.

నాటకంలో చిలుక రెక్క రాజుగారి కిరీటానికి తగులుకుంది. చిలుక ఎగిరినప్పుడల్లా రాజుగారూ ఎగిరారు. హాలు గొల్లుమంది. చిలుక ముందు వరసలో నాన్నను చూసుకుని, ఒక్క మాట తప్పకుండా అప్పజెప్పింది. దర్జీ పొట్ట పట్టుకుని నవ్వి, కళ్లు తుడుచుకున్నాడు. తాగాలన్న ఊహే రాలేదు. ప్రమాదకరమైన సంతోషం ఏ ప్రమాదమూ చెయ్యకుండా ఇంటికెళ్లిపోయింది.

వెనక వరసలో సంఘం మాత్రం బుగ్గలు పూరించుకుని కూర్చుంది. డ్రైవరు ఆగలేక, పక్కనే ఉన్న పెద్దాయనకు ఫోన్ కొట్టాడు. "నవ్వచ్చాండీ?" పెద్దాయన రుమాలు నోట్లో కుక్కుకున్నారు. నోరు తెరిస్తే తనే నవ్వేస్తారు, పాపం, ఆయనకు అనుమతి ఇచ్చే దిక్కెవరు?

మర్నాడు సంఘం తిరగబడింది. ఇకపై పెద్దాయనను ఏదీ అడగరాదని ఏకగ్రీవంగా తీర్మానించి, ఆయన ఆమోదానికి పంపింది.

మనం అలా కాదు. పిల్ల ఏం చదవాలో పక్కింటివాళ్లను అడుగుతాం, ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో చేతిలోని ఫోన్‌ను అడుగుతాం. అదీ, చుక్కైనా ముట్టకుండా.