పాస్తా హోటల్లో మైసమ్మ తీసిన దిష్టి

ఆదివారం పొద్దున పాలు పితుకుతూనే భాస్కర్ ఆ రోజు కార్యక్రమమంతా ఖరారు చేసేశాడు. సూర్యాపేట హైవే పక్కన కొత్తగా తెరిచిన ఇటలీ పాస్తా హోటల్‌కు కుటుంబంతో వెళ్లాలి, నలుగురిలో దర్జాగా తినాలి, తిన్నాక యజమాని జగదీశ్‌తో రోజుకు నలభై లీటర్ల గేదెపాల బేరం కుదుర్చుకోవాలి. ఆ హోటల్లో చీజ్ సొంతంగా గేదెపాలతోనే చేసుకుంటారని విన్న మర్నాడే, ఎవరినీ అడక్కుండా, ఉన్న గేదెలకు తోడు ఇంకో రెండు కొని కొట్టంలో కట్టేసిన మనిషి అతను. ఇప్పుడు బేరం కుదరకపోతే అన్ని పాలు తమ ఊరు పెన్‌పహాడ్‌లో తాగేవాళ్లు లేరు.

భార్య సరితకు ఆ పూట పరీక్ష డ్యూటీ పడింది. నాలుగేళ్ల కూతురు రిత్వికను, తల్లి మైసమ్మను ఆటో ఎక్కించుకుని భాస్కర్ బయలుదేరాడు. ఫోర్కు పట్టే పద్ధతి వీడియోలో మూడుసార్లు చూశాడు కాబట్టి ఇక మిగతా వాటి గురించి అతనికి బెంగ లేదు.

దారి పొడవునా పాస్తా అంటే తెల్ల సేమియా అని కూతురిని ఊరించాడు. పిల్ల పాయసం అనుకుంది. మొదటి ముద్ద నోట్లో పడి తీపి తగలకపోయేసరికి ఉమ్మేసి, కుర్చీ ఎక్కి నిలబడి రాగం అందుకుంది. హోటల్లో ఉన్న పదిమందీ తినడం మానేసి ఇటే చూశారు. సరిగ్గా అప్పుడే జగదీశ్ వచ్చాడు. ఆయనది కోదాడ, మాట మెత్తన.

"పాపకి మా వంట నచ్చలేదాండీ?"

వంటకు వంక పెడితే పాల బేరం గంగలో కలిసినట్టే. భాస్కర్ తడుముకోలేదు. "వంటకేమైంది సార్, మస్తుగుంది. గిందరి కండ్లు పిల్ల మీద పడ్డయ్, గంతే." ఆ జవాబుకు తనను తానే మెచ్చుకుని, జగదీశ్‌ను పక్కకు తీసుకెళ్లి తన గేదెపాలలో వెన్న ఎంతుంటుందో చెప్పడం మొదలుపెట్టాడు.

మైసమ్మ మాత్రం కొడుకు మాటను నిజమని నమ్మింది. కన్ను పడితే ఏం చేయాలో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు. బల్ల మీద ఉప్పు ఉంది, సీసాలో దంచిన ఎండుమిర్చి ఉంది. రెండూ గుప్పిటి నిండా పోసుకుని, మనవరాలి చుట్టూ మూడుసార్లు తిప్పి, హాలు మూలన పిజ్జాలు కాల్చే కట్టెల పొయ్యి వైపు నడిచింది. అంత పెద్దావిడ అంత ధీమాగా వస్తుంటే వంటవాడు దారి ఇచ్చి పక్కకు నిలబడ్డాడు. గుప్పిట్లోదంతా ఆమె మంటలో వేసింది.

దిష్టి తగిలి ఉంటే మంటలో వేసిన మిరపకు ఘాటు రాదని, తగలకపోతేనే వస్తుందని లెక్క. వచ్చింది. ఏసీ కోసం తలుపులు బిగించిన హాల్లో ఒక్క ముక్కును కూడా వదల్లేదు. వంటవాడు మొదలుకొని జగదీశ్ దాకా అందరూ దగ్గుతూ రోడ్డు మీదికి వచ్చిపడ్డారు. భాస్కర్‌కు ఏడుపొక్కటే తక్కువ. నలభై లీటర్లూ అతని కళ్లముందే ఒలికిపోయాయి.

మైసమ్మ ఒక్కతే పిల్లను చంకనేసుకుని, పళ్లెం పట్టుకుని నింపాదిగా బయటికొచ్చింది. "దిష్టి లేదు, గిష్టి లేదు. ఉత్త అలుగుడే," అని తేల్చేసింది. పెద్దవాళ్లంతా వరసగా తుమ్ముతుంటే రిత్విక పడీ పడీ నవ్వుతూ పాస్తా అంతా మింగేసింది.

క్షమాపణకు భాస్కర్ మాటలు వెతుక్కుంటుండగానే ఒక కారు ఆగింది. దాని వెనక ఇంకొకటి. ఆదివారం మధ్యాహ్నం హోటల్ ముందు అంతమంది నిలబడ్డారంటే లోపల చోటు లేదనే ఎవరైనా అనుకుంటారు. కారు దిగినాయన, కళ్లనీళ్లు తుడుచుకుంటున్న ఒక పెద్దమనిషిని ఎలా ఉందని అడిగాడు. దగ్గు మధ్య ఆయనకు ఒక్క మాటే పెగిలింది.

"కారం."

ఇటలీ తిండి చప్పగా ఉంటుందని మూడు వారాలుగా ఆ గుమ్మం తొక్కని జనానికి అంతకంటే ఏం కావాలి. ఘాటు తగ్గేసరికి బయట ముప్పై మంది లైను కట్టారు. జగదీశ్ ఎర్రబడ్డ కళ్లతో ఆ లైనును చూశాడు, మైసమ్మను చూశాడు.

"పాపకి దిష్టి లేదేమోగానీ మా హోటల్‌కి తగిలింది పోయిందండీ. పాలు రేపట్నుంచే పంపించండి," అన్నాడు.

శనివారం ఆయనే ఫోన్ చేశాడు. పాలు కాస్త ఆలస్యమైనా సర్దుకుంటాడట, అమ్మ మాత్రం ఆదివారం పన్నెండింటికల్లా అక్కడ ఉండాలట.